జబ్బు తగ్గితే పాట కూడా పోతుందా? విలియం కూపర్ గురించి, మీ తమ్ముడి గురించి

ప్రశ్న చాలా పెద్దగా ఉంది కాబట్టి, తర్వాత చదివేవాళ్ళ కోసం ముందు నేను అర్థం చేసుకున్నది రాస్తాను. అడిగిన అమ్మాయిది ఒంగోలు వైపు. తమ్ముడు బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఐటీ ఉద్యోగం, పీజీ హాస్టల్లో ఉంటాడు. చిన్నప్పట్నుంచి పాటలు రాస్తాడు, వాళ్ళ సంఘంలో ఆదివారం పాడే పాటల్లో కొన్ని అతనివే. పోయినేడాది రోజుల తరబడి నిద్ర లేకుండా నోట్‌బుక్కులు నింపేసి, ఉద్యోగానికి రిజైన్ లెటర్ పెట్టేసి, దేవుడు నన్ను దేశానికి ప్రవక్తగా పిలిచాడని రోడ్డు మీద ప్రకటించేదాకా వెళ్ళాడు. ఆస్పత్రిలో బైపోలార్ అన్నారు, అంటే కొన్నాళ్ళు పట్టరాని ఊపు (మానియా), కొన్నాళ్ళు లోతైన దిగులు (డిప్రెషన్) వచ్చే జబ్బు, దాన్ని అదుపులో పెట్టే లిథియం అనే మందు మొదలుపెట్టారు. ఇప్పుడు నెమ్మదించాడు కానీ "మాత్ర వేసుకుంటే లైను రావట్లేదక్కా" అంటున్నాడు. దానికి తోడు ఎవరో చర్చి ప్రసంగంలో విలియం కూపర్ అనే పాతకాలపు ఇంగ్లీషు కవి, కీర్తనలు రాసినాయన కథ చెప్పారట, పిచ్చి ఉన్నా దేవుడు వాడుకున్నాడు, ఏ మాత్రలు మింగి రాశాడా పాటలు అని. పాస్టర్ గారు మాత్రలు ఆపి 21 రోజులు ఉపవాస ప్రార్థనలో కూర్చోమన్నారు. అన్నిటికంటే మీరు చివర్లో రాసిన ముక్క నాకు ముఖ్యం అనిపించింది, ఈ మధ్య "నన్ను దేవుడు వదిలేశాడు" అంటున్నాడని.

నేను డాక్టర్ని కాదమ్మా, సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని, బెంగళూరులోనే పనిచేసి రిటైర్ అయ్యాను. డోసు గురించి ఒక్క ముక్క చెప్పను. మాది నెల్లూరు బాప్టిస్టు కుటుంబం, సండే స్కూల్లో పాఠాలు చెప్పిన మనిషిని, కాబట్టి పాస్టర్ గారి వైపు మాట కూడా నాకు తెలుసు. అనంతపురం, కడప, చిత్తూరు నుంచి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి బెంగళూరు ఓపీ లైన్లో నిలబడే తెలుగు కుటుంబాలతో మాట్లాడటమే ఇన్నాళ్ళూ నా పని. వాళ్ళలో చాలామంది మన దగ్గరికి వచ్చేముందే స్వస్థత కూటాలు, తాయెత్తులు, దర్గాలు అన్నీ అయిపోయి వస్తారు. మతం ఏదైనా వరస అదే.

కూపర్ దగ్గరికి వస్తాను, ఎందుకంటే మీ తమ్ముడికి ఇప్పుడు ఆయన ఉదాహరణే పట్టుకుంది, పోనీ ఆ కథ సరిగ్గా తెలిస్తే మంచిది. మన కీర్తనల పుస్తకంలో "ఇమ్మానుయేలు రక్తము" అని పాడుకుంటాం చూడండి, దాని ఇంగ్లీషు మూలం ఆయనదే. 1731లో ఇంగ్లండులో పుట్టాడు. తండ్రి చర్చి పాదిరి. ఆరేళ్ళకి తల్లి పోయింది, వెంటనే హాస్టల్ బడిలో పడేశారు. అక్కడ పదిహేనేళ్ళ కుర్రాడొకడు ఈ పిల్లాణ్ణి ఎంత హింస పెట్టాడంటే, తల ఎత్తి వాడి మొహం చూసే ధైర్యం లేక వాడి బూట్ల బకిల్స్ చూసి గుర్తుపట్టేవాణ్ణి అని పెద్దయ్యాక రాసుకున్నాడు. నాకు ఆయన జీవితంలో ఇదొక్కటి చదివితే చాలు కడుపులో తిప్పేస్తుంది.

లా చదివాడు, ఇష్టపడిన కజిన్‌తో పెళ్ళి కుదర్లేదు, ఇరవై ఒకటి ఇరవై రెండేళ్ళ వయసులోనే మొదటి డిప్రెషన్ వచ్చింది. ఈ తారీఖు గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం. 1763లో చుట్టాల పలుకుబడితో హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో క్లర్కు ఉద్యోగం వచ్చేలా ఉంది, కానీ సభ ముందు నిలబడి పరీక్ష ఇవ్వాలి. ఆ భయానికి మనిషి పూర్తిగా కూలిపోయాడు, చచ్చిపోదామని ఒకటికి మించి ప్రయత్నాలు చేశాడు, క్షమించరాని పాపం నేనే చేశానని నమ్మేశాడు. అప్పుడు ఆయన తమ్ముడు, బంధువులు కలిసి సెయింట్ ఆల్బన్స్ ఊళ్ళో డాక్టర్ నథానియల్ కాటన్ నడిపే చిన్న ఆశ్రమంలాంటి ఆస్పత్రిలో చేర్పించారు. ఆ రోజుల్లో పిచ్చాస్పత్రి అంటే గొలుసులు, కొరడాలు. ఈయన అలా కాదు, కొద్దిమంది పేషెంట్లు, దయగా చూసుకునేవాడు, పైగా తనూ కవే, భక్తి ఉన్న మనిషే. అక్కడ నెలల తరబడి ట్రీట్‌మెంట్ అయ్యాక ఒకరోజు బైబిలు తెరిస్తే రోమా పత్రిక మూడో అధ్యాయం 25వ వచనం కంటబడి మనసు మారిందని కూపర్ సాక్ష్యం. 1764లో. చాలామంది సాక్ష్యంలో ఈ వచనం చెప్పి, అది ఆస్పత్రిలో ఉండగా జరిగిందన్న సంగతి మాత్రం మింగేస్తారు. ముందు డాక్టరు ఆయన్ని బతికించి, నిద్రపుచ్చి, తిండి తినిపించి కుదుటపరిచాడు, అప్పుడే ఆ వచనం చదివే స్థితి వచ్చింది. నా దృష్టిలో రెండూ దేవుడు చేసినవే. ఒకటి తీసుకుని రెండోదాన్ని తీసేయడం కుదరదు.

తర్వాత అన్విన్ అనే పాదిరి కుటుంబంలో అద్దెకి చేరాడు, ఆ పాదిరి 1767లో గుర్రం మీంచి పడి పోయాడు, ఆయన భార్య మేరీ అన్విన్‌తో పాటు ఓల్నీ అనే చిన్న ఊరికి మారాడు. అక్కడ పాదిరి జాన్ న్యూటన్, ఒకప్పుడు బానిసల ఓడకి కెప్టెన్, తర్వాత పాదిరి అయ్యి అమేజింగ్ గ్రేస్ అనే పాట రాసిన మనిషి. ఇద్దరూ కలిసి పాటల పుస్తకం మొదలుపెట్టారు. 1779లో ఓల్నీ హిమ్స్ పేరుతో వచ్చినప్పుడు అందులో 348 పాటల్లో అరవైకి పైగా కూపర్‌వి. మిగతావి న్యూటన్‌వి. ఎందుకంత తేడా అంటే మధ్యలో 1773 వచ్చింది.

దేవుని మార్గాలు మర్మమైనవి అనే అర్థంతో మొదలయ్యే పాట ఆయనది చాలా పేరున్నది. దాని గురించి ఒక కథ ప్రసంగాల్లో తెగ తిరుగుతుంది. చావాలని గుర్రబ్బండి ఎక్కి నది దగ్గరికి పొమ్మంటే మంచులో బండివాడు దారి తప్పి తిప్పి తిప్పి మళ్ళీ ఇంటి ముందే దించాడని, అప్పుడు లోపలికెళ్ళి ఆ పాట రాశాడని. బాగుంటుంది కథ, నేనూ చిన్నప్పుడు విన్నాను, కానీ అలా జరిగిందనడానికి ఆధారం లేదు. ఆ పాట 1773 మొదట్లో, పెద్ద జబ్బు మళ్ళీ విరుచుకుపడబోయే ముందు రాసింది. అంటే ఆపద గడిచాక చెప్పిన సాక్ష్యం కాదది, మబ్బు కమ్ముతోందని తెలిసిన మనిషి రాసుకున్నది. నాకైతే ఇలా తెలిశాక ఆ పాట మీద గౌరవం ఇంకా పెరిగింది.

ఆ ఏడాది ఆయనకి ఒక కల వచ్చింది, నీ పని అయిపోయింది, నువ్వు నశించావు అని లాటిన్‌లో ఒక మాట వినపడింది. ఆ రోజు నుంచి చచ్చేదాకా, అంటే 1800 దాకా, 27 ఏళ్ళు, దేవుడు నన్ను ప్రత్యేకంగా తోసేశాడు అన్న నమ్మకం ఆయన్ని పూర్తిగా వదల్లేదు. మళ్ళీ గుడి మెట్టు ఎక్కలేదు. భోజనం ముందు అందరూ ప్రార్థన చేస్తుంటే ఈయన కూర్చుని ఫోర్కూ కత్తీ చేత్తో పట్టుకుని ఉండేవాడంటారు, ఇందులో నాకు భాగం లేదు అన్నట్టు. ఇక్కడ ఆశ్చర్యం ఏంటంటే దేవుడు లేడని ఎప్పుడూ అనలేదు. దేవుడు మంచివాడు, మీ అందర్నీ క్షమిస్తాడు, నన్నొక్కణ్ణి తప్ప. ఉత్తరాల్లో వేరేవాళ్ళకి బోలెడు ఓదార్పు రాసేవాడు, అవి చదివి ఎవరైనా ఈయనకి ఎంత విశ్వాసం అనుకుంటారు.

ఈ "అందరికీ ఉంది, నాకొక్కడికే లేదు" అన్న మాట వింటే నా ఉద్యోగంలో మేం వెంటనే చెవులు నిక్కించేవాళ్ళం. డిప్రెషన్ ముదిరినప్పుడు మనిషి ఏ భాషలో బతుకుతున్నాడో ఆ భాషలోనే నేరం మోపుకుంటాడు. వ్యాపారం చేసేవాడు నేను దివాళా తీశాను అంటాడు, బ్యాంకులో డబ్బున్నా సరే. తల్లి అయితే పిల్లల్ని నేనే పాడుచేశా అంటుంది. విశ్వాసి అయితే నేను పరిశుద్ధాత్మని దూషించాను అంటాడు. మా దగ్గరికి వచ్చిన ఒకాయన, పేరు వద్దు, ఒక సంఘంలో పెద్ద, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే బల్ల ఆరాధనలో రొట్టె చేతిలోకి వచ్చి నల్లబడిందని ఏడ్చేవాడు. ఆయన భార్య అదే రొట్టె చూపించి తెల్లగానే ఉంది కదండీ అంటే, నీకు తెల్లగా ఉంటుంది అనేవాడు. ఆయనకి వాక్యం రాక కాదు, నాకంటే పది రెట్లు వచ్చు. వాక్యంతో వాదించిన ప్రతిసారీ ఇంకా గట్టిగా ఎదురు వాక్యం తెచ్చేవాడు. ట్రీట్‌మెంట్ అయ్యాక అవే వచనాలు ఆయన్ని ఓదార్చాయి. అందుకే మీ తమ్ముడు "దేవుడు వదిలేశాడు" అన్నప్పుడు మీరు వచనాలు చూపించి వాదనకి దిగొద్దు. పక్కన కూర్చోండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని అందరూ భయపడతారు, అలా అవదు, అడిగితే చాలామందికి బరువు దిగినట్టుంటుంది. అవును అంటే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగేది లేదు, ఒంటరిగా ఉంచొద్దు, పీజీ రూములో అసలొద్దు. రాత్రిపూట ఏం తోచకపోతే టెలీ మానస్ అనే మానసిక సమస్యల హెల్ప్‌లైన్ 14416, గవర్నమెంటుది, ఫ్రీ, 2022 నుంచి ఉంది, తెలుగులో మాట్లాడతారు.

కొందరు రెండో వైపు లాగుతారు. మీ ప్రశ్న కింద కామెంటు పెట్టినాయన అన్నట్టు, "మతమే కూపర్‌కి పిచ్చెక్కించింది, న్యూటన్ నరకం గురించి చెప్పి చెప్పి చంపాడు" అని. ఇది ఆయన చనిపోయాక కూడా చాలా ఏళ్ళు నడిచిన వాదనే. ఇందాక గుర్తుపెట్టుకోమన్న తారీఖు ఇక్కడ పనికొస్తుంది, మొదటి డిప్రెషన్ వచ్చిన పదేళ్ళకి పైన గానీ మారుమనస్సు లేదు, న్యూటన్ మొహం చూసింది ఇంకా తర్వాత. తల్లి పోవడం, బడిలో హింస, మళ్ళీ మళ్ళీ వచ్చే జబ్బు, ఇవన్నీ ముందే ఉన్నాయి. ఎవరు రక్షణ పొందాలో, ఎవరు నశించాలో దేవుడు ముందే నిర్ణయించాడని చెప్పే ఏర్పాటు, నాశనపాత్రులు అనే ఆ రకం బోధ ఆ భయానికి మాటలు అందించింది, కాదనను. ఆ బోధ సున్నితమైన మనిషి చేతిలో ఎంత పదునుగా దిగుతుందో ప్రసంగం చెప్పేవాళ్ళు ఆలోచించాలి, అది వేరే చర్చ. కానీ అదే విశ్వాసం ఆయన్ని ఎనిమిదేళ్ళు నిలబెట్టింది కూడా, అది లెక్కలో వేయకుండా మతాన్ని తిట్టడం కూడా సోమరి పనే.

ఇప్పుడు న్యూటన్ ఏం చేశాడో చూడండి, మీ పాస్టర్ గారికి చూపించాల్సింది ఇదే. 1773 ఏప్రిల్‌లో కూపర్ భయపడి తన ఇల్లు వదిలి న్యూటన్ ఇంటికి వచ్చేశాడు. ఏడాది దాటి అక్కడే ఉన్నాడు. న్యూటన్ పొమ్మనలేదు, దయ్యం వదిలిస్తానని కొట్టలేదు, విశ్వాసం చాలట్లేదని అనలేదు. పూటపూటా చూసుకున్నాడు, డాక్టర్ కాటన్‌ని సలహా అడిగాడు. అమేజింగ్ గ్రేస్ రాసిన పాస్టరే డాక్టర్ని అడిగాడమ్మా. కాబట్టి మందూ మాకూ లేకుండా రాశాడనే మాటకి అర్థం లేదు. ఆయన కాలంలో దొరికిన వైద్యం ఆయనకి ఇప్పించారు. లిథియం దొరకలేదంటే, అది మానియాకి పనిచేస్తుందని ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు చెప్పిందే 1949లో.

ఇంకో మనిషి ఉన్నాడు కథలో, ఎవరూ ప్రసంగంలో చెప్పరు. శామ్యూల్ టీడన్ అని ఓల్నీలో బడి పంతులు. 1790ల్లో కూపర్ తనకి రాత్రిళ్ళు వినపడే మాటల్ని ఈయనకి రాసి పంపితే, ఈయన ప్రార్థన చేసి దేవుడు నీకు ఫలానా ధైర్యం ఇస్తున్నాడని తిరిగి రాసేవాడు. పేదవాడు, కూపర్ ఇంటి నుంచి డబ్బు సాయం కూడా అందేది. మోసగాడని నేననను, నమ్మే చేసుంటాడు. కానీ వినపడే ప్రతి మాటకీ అర్థం చెప్పే మనిషి పక్కనుంటే రోగి రోజంతా ఆ మాటల కోసమే చెవి పెట్టుకుని కూర్చుంటాడు, ఇవాళ ధైర్యం, రేపు మళ్ళీ గుంట. ఆ ఏళ్ళలో కూపర్ బాగుపడింది లేదు. మీ తమ్ముడికి వాట్సాప్‌లో రోజూ "ప్రభువు నీతో చెప్తున్నాడు" అని ప్రవచనాలు పంపే బ్రదర్ ఉన్నాడన్నారే, ఆయన్ని మర్యాదగా కొన్నాళ్ళు ఆపమనండి. ప్రార్థన చేస్తే చేసుకోనివ్వండి, మెసేజీలు వద్దు.

సరే, అసలు ప్రశ్న. జబ్బు వల్లే పాట వచ్చిందా.

కూపర్ ఎప్పుడు రాశాడో తారీఖులు పెట్టుకుని చూడండి. పాటలు రాసింది ఓల్నీలో కుదురుగా ఉన్న ఏళ్ళలో. 1773 నుంచి జబ్బు గట్టిగా ఉన్నన్నాళ్ళూ దాదాపు ఏమీ లేదు. తర్వాత ఎలా తేరుకున్నాడంటే, పక్కింటివాళ్ళ పిల్లలు ఒక కుందేలు పిల్లని ఇచ్చారు, అది చూసి ఊళ్ళోవాళ్ళు ఇంకా తెచ్చి ఇవ్వబోతే మూడు ఉంచుకున్నాడు. అడవి కుందేళ్ళు. పస్, టైనీ, బెస్ అని పేర్లు. ఆడ పేర్లలా ఉన్నా మూడూ మగవే. వాటికి పెట్టెలు తనే చేశాడు, సాయంత్రం హాల్లో కార్పెట్ మీద వదిలితే గెంతేవి. పస్‌కి జబ్బు చేస్తే దగ్గరుండి సాకాడు, బాగయ్యాక అది ఆయన చేతిని నాకిందట, ముందు చేతి వెనక, తర్వాత అరచేయి, తర్వాత ఒక్కో వేలు, తర్వాత వేళ్ళ సందులన్నీ, ఏదీ వదలకుండా. ఇదంతా 1784లో ఒక పత్రికకి వ్యాసంగా రాశాడు. ఆ వ్యాసంలోనే చెప్తాడు, పుస్తకం చదవలేను, మనుషులతో కూర్చోలేను, అలాగని ఊరికే ఉండటమూ కుదరదు, అందుకని ఇవి అని. వడ్రంగం, తోటపని, గాజు గదిలో మొక్కలు, దోసకాయలు పెంచడం, ఇలా ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు మేం ఆక్టివిటీ షెడ్యూల్ అని కాగితం ఇచ్చి రాయిస్తామే, ఆయనకి మేరీ అన్విన్ ఏ కాగితమూ లేకుండా అదే చేయించింది.

1780 చలికాలంలో ఆవిడే పెద్ద కవిత ఏదైనా రాయకూడదా అని కూర్చోబెట్టింది. పుస్తకం 1782లో వచ్చింది, అప్పటికి ఆయనకి యాభై దాటింది. తర్వాత లేడీ ఆస్టెన్ అనే స్నేహితురాలు, ఈయన దిగాలుగా ఉన్న ఒక సాయంత్రం జాన్ గిల్పిన్ అనే బట్టల వ్యాపారి గుర్రం ఆగకుండా ఎత్తుకుపోయిన కథ చెప్తే, రాత్రి పడుకుని నవ్వీ నవ్వీ తెల్లారేసరికి దాన్ని పాటగా కట్టేశాడు, ఇంగ్లండంతా నవ్వింది. ఆవిడే ఇంకోసారి ప్రాసలేని ఛందస్సులో రాయి అంటే దేని మీద రాయను అన్నాడు, ఈ సోఫా మీద రాయి అంది. సోఫాతో మొదలై ఆరు భాగాలు, ఐదు వేల పాదాల కావ్యం అయింది, 1785లో. 1788లో బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా రాశాడు. 1791లో గ్రీకు కవి హోమర్ కావ్యాల అనువాదం. హోమర్ అయితే రోజూ ఇన్ని లైన్లని లెక్క పెట్టుకుని చేసేవాడు, అది లేకపోతే మనసు పాడైపోతుందని ఆయనకే తెలుసు. వీటిల్లో ఒక్కటీ పిచ్చి ఊపులో రాలేదు. పొద్దున టిఫిన్, రాత, నడక, సాయంత్రం మనుషులు, ఇలాంటి రోజుల్లో వచ్చాయి.

మీ తమ్ముడు దీనికి ఎదురు చెప్తాడు, చెప్పాలి కూడా, ఎందుకంటే అడ్డం వచ్చే పద్యం ఒకటుంది. 1799లో, మేరీ చనిపోయి రెండేళ్ళు దాటాక, మనిషి దాదాపు మాట్లాడటం మానేసిన రోజుల్లో, ఓడ మీంచి తుఫానులో సముద్రంలో పడిపోయిన నావికుడి మీద రాశాడు. ఆన్సన్ అనే కెప్టెన్ యాత్రాపుస్తకంలో చదివిన సంఘటన. తోటివాళ్ళకి ఆ మనిషి కనపడుతూనే ఉంటాడు, గాలికి ఓడ తిప్పలేరు, ఈదుతూ ఈదుతూ మునిగిపోతాడు. ఆఖర్న, నేను అతనికంటే లోతైన సుడిలో మునిగాను అని ముగుస్తుంది. ఆయన రాసిన వాటిల్లో ఇదే గొప్పదని చాలామంది విమర్శకులు అంటారు, నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ పద్యం కట్టుబాటు చూడండి. ఆరు పాదాల చరణాలు పదకొండు, ఎక్కడా లెక్క తప్పదు, ప్రాస తప్పదు, ఒక్క అరుపు లేదు. నలభై ఏళ్ళ చేతిపని అది. జబ్బు విషయం ఇచ్చి ఉండొచ్చు, కట్టింది మాత్రం కుదురైన ఏళ్ళలో నేర్చుకున్న చెయ్యి. ఆ తర్వాత ఏడాదికి పోయాడు, 1800 ఏప్రిల్‌లో. ఇంకో పదేళ్ళు మంచి రోజులు దొరికి ఉంటే ఏం రాసేవాడో మనకి తెలియకుండా పోయింది కదా, ఆ నష్టం ఎవరూ లెక్కేయరు.

లెక్కలు కూడా కొంచెం చెప్తాను. స్వీడన్‌లో కరోలిన్‌స్కా సంస్థవాళ్ళు పది లక్షలకి పైగా పేషెంట్ల రికార్డులు చూశారు. కళాకారులకి మొత్తంగా మానసిక జబ్బులు ఎక్కువేం లేవు, బైపోలార్ ఒక్కటే మినహాయింపు. రచయితలు మాత్రం వేరే, వాళ్ళలో చాలా జబ్బులు ఎక్కువగానే కనిపించాయి, ఆత్మహత్యలు కూడా. ఇంతవరకే చెప్పి ఆపేస్తారు చాలామంది. అదే పరిశోధనలో ఇంకోటి ఉంది, బైపోలార్, స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్ళ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తల్లిదండ్రులు, జబ్బు లేనివాళ్ళు, వాళ్ళూ సృజనాత్మక వృత్తుల్లో ఎక్కువగా కనిపించారు. అంటే ప్రతిభ ఉండటానికి జబ్బు ముదరాల్సిన అవసరం లేదు. మీరు ప్రశ్న రాసిన తీరు చూస్తేనే నాకు తెలుస్తోంది, మీ ఇంట్లో మాట పొందికగా చెప్పడం ఒక్క తమ్ముడికే రాలేదు.

లిథియం గురించి కూడా ఎప్పుడో 1979లో మోగెన్స్ స్కౌ అనే డెన్మార్క్ డాక్టరు లిథియం వాడుతున్న 24 మంది కళాకారుల్ని అడిగాడు. 12 మంది పని పెరిగిందన్నారు, ఆరుగురికి తేడా లేదు, ఆరుగురికి తగ్గింది. చిన్న సర్వేనే, అయినా ఆ చివరి ఆరుగురిని నేను పక్కన పెట్టను, మీ తమ్ముడు వాళ్ళలో ఒకడై ఉండొచ్చు. లైను రావట్లేదు అంటే అబద్ధం ఆడట్లేదు. దానికి దారి, డాక్టరు దగ్గరికెళ్ళి ఇదే మాట చెప్పడం, చెయ్యి వణుకుతోంది, మెదడు బరువుగా ఉంది, పాట రావట్లేదు అని. రక్తంలో లెవెల్ చూస్తారు, డోసు తగ్గించొచ్చు, మందు మార్చొచ్చు, థైరాయిడ్ తగ్గిందేమో చూస్తారు, అది తగ్గినా మనిషి ఇలాగే మందకొడిగా ఉంటాడు. లేదా ఇది మందు కాదు, మానియా తర్వాత వచ్చే డిప్రెషనే అయ్యుండొచ్చు. "దేవుడు వదిలేశాడు" అన్న మాట వింటే నాకు ఆ అనుమానమే ఎక్కువ. తనంతట తను ఒక్కసారిగా ఆపేస్తే మాత్రం జబ్బు తిరగబెట్టే ప్రమాదం చాలా ఎక్కువ, ఆత్మహత్య ప్రమాదం కూడా.

పాస్టర్ గారి ఉపవాసం సంగతి మాత్రం గట్టిగా చెప్తాను. లిథియం వాడే మనిషి నీళ్ళు, ఉప్పు ఒక్కసారిగా తగ్గిస్తే రక్తంలో మందు పెరిగి విషం అవుతుంది. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే ఎమర్జెన్సీకి పరిగెత్తాలి. ఒళ్ళు నొప్పులని మెడికల్ షాపులో బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కొని మింగినా అదే గొడవ. ఆల్ నైట్ ప్రేయర్ ఇంకో ప్రమాదం, బైపోలార్ ఉన్నవాళ్ళకి ఒకట్రెండు రాత్రుల నిద్ర పోతే చాలు మానియా మొదలైపోవచ్చు. ఇది పాస్టర్ గారికి గొడవగా చెప్పకండి. షుగర్ పేషెంటు ఇన్సులిన్ మీద ఉంటే ఉపవాసం ఎలా ఉండమంటారో అలాగే అనండి, చాలామంది వెంటనే అర్థం చేసుకుంటారు. ఏలీయా చచ్చిపోతానని బదరీవృక్షం కింద పడుకుంటే దూత ఉపవాసం ఉండమనలేదు, రొట్టె, నీళ్ళు పెట్టి మళ్ళీ పడుకోనిచ్చాడు, మొదటి రాజులు 19లో ఉంది. వీలైతే పాస్టర్ గారిని ఒకసారి డాక్టరు దగ్గరికి మీతో పాటు తీసుకెళ్ళండి. నేను చూసిన కుటుంబాల్లో ఇది బాగా పనిచేసింది, సంఘం కాపరి నోటితో "మాత్ర వేసుకో బాబూ" అంటే వందసార్లు మనం చెప్పినదానికంటే ఎక్కువ. అలా ఒప్పుకోని చోట సంఘం మారినా తప్పులేదు, కె.ఆర్. పురం, మారతహళ్ళి వైపు తెలుగు సంఘాలు చాలానే ఉన్నాయి.

అతనికి చదవడానికి ఏదైనా ఇవ్వాలనిపిస్తే 88వ కీర్తన ఇవ్వండి, విజయగీతాలు వద్దు ఇప్పుడు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగిసిపోతుంది, ఆఖర్న హల్లెలూయ ఉండదు. అది కూడా బైబిల్లోనే ఉంది, దాన్ని ఎవరూ తీసేయలేదు. ఇలా కూడా ప్రార్థన చేయొచ్చని తెలిస్తే కొందరికి ఊపిరి ఆడుతుంది.

ఇక ఆ నోట్‌బుక్కులు. చించేస్తానంటున్నాడు, ఒక్కోసారి యూట్యూబ్‌లో పెట్టేస్తానంటున్నాడు అన్నారు. రెండూ చేయనివ్వకండి. ఇవి నా దగ్గర ఉంచుతా, నీకు బాగయ్యాక ఇస్తా అని చెప్పి మీ ఒంగోలు ఇంట్లో బీరువాలో పెట్టండి. ఆర్నెల్లో ఏడాదో పోయాక కుదురుగా ఉన్నప్పుడు అతనే తెరిచి చూసుకుంటాడు, అందులో చాలావరకు పనికిరాదని అతనికే తెలుస్తుంది, ఒకట్రెండు చరణాలు నిజంగా దొరకొచ్చు, వాటిని అప్పుడు కూర్చుని చెక్కుకుంటాడు. ఈలోపు కొత్త పాట రాయమని మీరెవరూ అడగొద్దు, సంఘంలో కూడా చెప్పండి. రోజూ పొద్దున ఒక అరగంట మీతో ఫోన్లో ఏదైనా పాత కీర్తన చూసి రాగం కట్టమనండి, లేదా అమ్మకి ఉత్తరం రాయమనండి, ఏదో ఒకటి, లెక్క పెట్టుకుని. వచ్చే అపాయింట్‌మెంట్‌కి మీరు కూడా వెళ్ళండి, అతను చెప్పనివి డాక్టరుకి మీరు చెప్పాలి. ముఖ్యంగా ఎన్ని గంటలు పడుకుంటున్నాడో కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. అయ్యాక ఏమన్నారో ఇక్కడ రాయండి, చూస్తుంటాను.